పేరుచీటీ మీద ఎర్ర చుక్క

కాలనీ నడక బృందం ఆ ఆదివారం పార్కు మానేసి, మూడు చిత్రప్రదర్శనలు నడిచి చుట్టి రావాలని తీర్మానించింది. ఆ బృందాన్ని నడిపేది కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి వాళ్ళ పిన్ని. ఆవిడ మాట తీసెయ్యలేక అతను కూడా బయల్దేరాడు.

రెండో ప్రదర్శనలో అతని కాళ్ళు ఆగిపోయాయి. కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్న పెద్దాయన బొమ్మ. మళ్ళీ వచ్చి చూద్దామని, షాపులో పరీక్ష అయిన అద్దాలకి అతికించే గుండ్రటి ఎర్ర స్టిక్కరొకటి జేబులోంచి తీసి, బొమ్మ పేరుచీటీ మీద అతికించాడు. అక్కడ ఎర్ర చుక్కంటే ‘అమ్ముడుపోయింది’ అని ఆ మహానుభావుడికి తెలియదు.

హాలంతా చుట్టి తిరిగొచ్చేసరికి బొమ్మ వేసిన అమ్మాయి ఫోన్ పట్టుకుని గంతులేస్తోంది.

“నాన్నా, అమ్ముడుపోయింది! ఒక్కటి అమ్ముడైనా ఇక ఉద్యోగం మాట ఎత్తనన్నావు, గుర్తుందిగా?”

అతను చల్లగా జారుకోవచ్చు. కానీ ఆ నవ్వు చూశాక మనసొప్పలేదు.

“ఏవండీ, ఆ చుక్క నాది.”

“కొన్నది మీరేనా!”

“కొనలేదు. గుర్తు కోసం పెట్టుకున్నాను.”

ఆమె మొహం వాడిపోయింది. “గుర్తుకి ఇంత గోడుంటే నా చీటీయే దొరికిందా?”

“ఇప్పుడు కొంటాను.”

“జాలిపడి కొంటే ఇవ్వను. అసలేం నచ్చిందో చెప్పండి.”

“ఆయన పేపరు చెయ్యంత దూరంలో పట్టుకున్నారు. కళ్ళు చికిలిస్తున్నారు. చదవట్లేదండీ, చదువుతున్నట్టు కూర్చున్నారు. ఆయనకి దగ్గరి చూపు ఆనట్లేదు.”

ఆమె బొమ్మవైపు తిరిగింది. “మా నాన్న. కనబడింది కనబడినట్టు వేశాను, అంతే.”

“బొమ్మ నచ్చింది. మీరూ నచ్చారు. తిడితే రెంటికీ కలిపి తిట్టండి.”

ఆమె తిట్టలేదు. మళ్ళీ ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

“నాన్నా, బొమ్మ అమ్ముడుపోలేదు, పొరపాటు. కానీ ఇక్కడొకతను బొమ్మ చూసి నీకు కళ్ళజోడు కావాలంటున్నాడు. నిజమేనా?”

అటువైపు పేపరు మడిచిన చప్పుడైంది.

“మీ అమ్మకే తెలియదే,” అన్నాడాయన. “బొమ్మలోనే తెలిసిపోయిందా? అంత బాగా వేశావా?”

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఆ అబ్బాయి ఇంకా అక్కడే ఉన్నాడా?”

గుమ్మం దగ్గర పిన్ని మూడో ప్రదర్శనకి రమ్మని కేకలేస్తోంది. అతను కదలట్లేదు.

“ఉన్నాడు,” అంది, అతని వంకే చూస్తూ.

“అయితే ఇంటికి తీసుకురా. ఉద్యోగం మాట వదిలెయ్. నీ బొమ్మలు నేనింతవరకూ సరిగ్గా చూసిందే లేదు, తల్లీ.”