పగవాడి పారాచూట్

"తప్పు మీ ఆవిడదే" అన్నాడు పెద్దాయన, పనేమిటో చెప్పడానికి ముందే.

కాకి కుర్చీలో కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నిఘా డిపార్ట్‌మెంట్‌లో అతన్ని కాకి అనే పిలుస్తారు. రంగు వల్ల వచ్చిన పేరు కాదు. తనకి కీడు చేసిన మొహాన్ని జన్మలో మర్చిపోడని పెట్టారు.

"ఇవాళ నువ్వు వెళ్లేది, మన పని మీద ఆవిడ దూరిన ముఠా దగ్గరికే. మనసులో ఏదో పెట్టుకుని పని చెడగొడతావేమోనని ముందే చెప్తున్నా. ఎంక్వైరీ అయిపోయింది. వింగ్‌సూట్‌కి పనికిరాని గేర్ ఎంచుకుంది. పారాచూట్ తెరుచుకోలేదు. కంగారుపడింది. రిజర్వ్ పారాచూట్ లాగేసరికి నేల వచ్చేసింది. ఫైల్ క్లోజ్."

"ఆవిడ కంగారుపడటం మీరెప్పుడైనా చూశారా సార్?"

"కాకీ..."

"ఇంట్లో స్టవ్ అంటుకుంటే తడి దుప్పటి కప్పేసి, అడ్డంగా ఉన్నావు జరుగు అంది నన్ను. అదీ ఆవిడ కంగారు."

పెద్దాయన గ్లాసెడు నీళ్లు తాగి గోడ మీది మ్యాప్ వైపు తిరిగాడు. ఏ మాట మింగాలన్నా ఆయనకి నీళ్లు కావాలి.

"సరిహద్దు రాడార్ల కోడ్లు దొంగిలించారు. అన్నీ కలిపి గోరంత చిప్‌లో ఉన్నాయి. నెట్‌లో పంపితే పట్టేస్తాం, రోడ్డెక్కితే పట్టేస్తాం. అందుకని గాల్లో తీసుకెళ్తున్నారు. స్కైడైవింగ్ క్లబ్ విమానం కొండకి ఇవతలే తిరుగుతుంది. మనిషి మాత్రం వింగ్‌సూట్‌లో కొండ దాటి పరాయి నేల మీద దిగుతాడు."

"మోసేదెవరు?"

"డీలర్. పారాచూట్ల షాపువాడు. కన్నతల్లిని కూడా నమ్మడు, తనే మోస్తాడు. తోడుకి ఇద్దరు జంపర్లు. చిప్ ఎవరి దగ్గరుందో కింద నుంచి చూసేవాడికి తెలియకూడదుగా. ఒకరు సీతాకోక. రెండోవాడివి నువ్వు, కూలికి ఎగిరేవాడివి."

"సీతాకోక మనమ్మాయేనా?"

"మనమ్మాయే. వాళ్లమ్మాయి కూడా." పెద్దాయన నవ్వబోయి, కాకి మొహం చూసి మానేశాడు. "నేల మీద వాడి చుట్టూ తుపాకులే. విమానం తలుపు దాటాకే ఒంటరి. కొండకి ఇవతల వాణ్ణి ఏం చేసినా నేనడగను. అవతల మాత్రం వాడి శవం పడ్డా ఓడిపోయినట్టే. శవం జేబులో నుంచి చిప్ తీసుకుంటారు. ఇంకోటి, విమానం ఎక్కాక నీ కాలర్‌లో మైక్, చెవిలో ఇయర్‌పీస్ ఆన్‌లో ఉంటాయి. మంత్రిత్వ శాఖవాళ్లూ వింటుంటారు. బూతులొద్దు."

పరికరాల గదిలో కాకి బావమరిది అతని కాలర్‌లో మైక్ పెట్టి కుడుతున్నాడు. డిపార్ట్‌మెంట్ పారాచూట్లన్నీ మడిచేది అతనే. చనిపోయినామెకి తమ్ముడు. అక్క పోయిన దగ్గర్నుంచి సూదిని గుడ్డలోకి కత్తి పొడిచినట్టు పొడుస్తున్నాడు.

"ఈ గడ్డంతో చూస్తే అక్క నిన్ను గుర్తుపట్టేది కాదు బావా."

"పట్టేది. పట్టి తిట్టేది."

"గేర్ తప్పు ఎంచుకుందట! చెప్పుల షాపుకెళ్తే జతజతకీ నడిచి చూసి, వాడి ప్రాణం తీసి, ఏదీ కొనకుండా వచ్చేది. అలాంటి మనిషి..." అని ఆగిపోయి, కొక్కెంలా వంగిన చిన్న కత్తి తీసి అందించాడు. "చిక్కుపడ్డ తాళ్లు కోసుకోవడానికి. ఇంకదేనికీ కాదు."

"ఇంకదేనికైనా పనికొస్తుందా?"

"భేషుగ్గా పనికొస్తుంది. అందుకే చెప్తున్నా."

క్లబ్ షాపులో కౌంటర్ వెనకున్న అమ్మాయి గోళ్లకి రంగేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది. "సైజెంత?"

"అమ్మనడగాలి" అన్నాడు కాకి.

అది లోపలికి పోనిచ్చే సంకేతం. ఇంత గడ్డం వేసుకుని ఆ ముక్క చెప్పాల్సి వచ్చినందుకు అతని ఒళ్లు మండింది. అమ్మాయి నవ్వాపుకుంటూ వెనక గది తలుపు తీసింది.

డీలర్ నున్నగా గీసిన గడ్డంతో, మంచి సెంటు వాసనతో ఉన్నాడు. బల్ల మీద గేర్ పరిచి ఉంది. గోడలకి వింగ్‌సూట్లు, చేతులకీ కాళ్లకీ మధ్య రెక్కలు కుట్టిన ఎగిరే దుస్తులు, చర్మాలు ఆరేసినట్టు వేలాడుతున్నాయి.

"రా గురూ. ఏది కావాలో నువ్వే ఎంచుకో. మనిషి ఏం ఎంచుకుంటాడో చూస్తే వాడెంత ఎగిరాడో నాకు తెలిసిపోతుంది. ఇదిగో, అన్నిటికంటే పెద్ద సూట్. నేనేసుకునేది ఇదే."

కాకి ఆ సూట్ చంక దగ్గర పట్టుకుని సాగదీసి వదిలేశాడు. "దూరం పోతుంది, ఒప్పుకుంటా. కానీ ఇంత రెక్కలో గాలి నిండితే చెయ్యి నడుం వెనక్కి పోదు. హ్యాండిల్ అందకపోతే ఎంత దూరం పోయి ఏం లాభం? నాకు ఆ మధ్య సైజుది చాలు."

"పారాచూట్? ఈ చిన్నది చూడు, బాణంలా పోతుంది."

"వింగ్‌సూట్‌లో తెరిచేటప్పుడు ఒళ్లు కొంచెం పక్కకి ఒరిగినా తాళ్లు మెలిపడతాయి. మెలిపడ్డాక నీ బాణం బొంగరం అవుతుంది. చేతులు రెక్కల్లో ఇరుక్కుని ఉంటాయి, జిప్పులు విప్పుకునే టైం కూడా ఇవ్వదు. నాకు ఏడు గాలిగదుల పెద్దది ఇవ్వు. మందకొడిదైనా నిద్రలేచి వస్తుంది."

"బ్రైడిల్?"

అసలు పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పైలట్ చూట్‌ని దానికి కలిపే పట్టీని బ్రైడిల్ అంటారు. బల్ల మీద రెండున్నాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. కాకి ఆలోచించకుండా పొడుగుది తీసుకున్నాడు.

"రెక్కలు పరుచుకుని ఎగిరేటప్పుడు వీపు మీద గాలి చచ్చిపడి ఉంటుంది. పొట్టిదైతే పైలట్ చూట్ ఆ చచ్చిన గాల్లోనే దొర్లుతుంది. వీపు మీద కూర్చున్న పిల్లిలాగా. పొడుగుదైతే దాన్ని దాటిపోయి మంచి గాలి పట్టుకుంటుంది."

డీలర్ చప్పట్లు కొట్టాడు. "శభాష్! మధ్య సైజు సూట్, ఏడు గదులు, పొడుగు పట్టీ. ఆ మధ్య ఒకావిడ కూడా అచ్చు ఇవే ఎంచుకుంది."

"ఏమైంది ఆవిడ?"

"పోయింది, పాపం" అన్నాడు డీలర్, పొడుగు పట్టీని తువ్వాలులా భుజాన వేసుకుంటూ.

కాకి బల్ల అంచు పట్టుకున్నాడు. పట్టుకోకపోతే ఆ చెయ్యి ఎటు వెళ్లేదో అతనికి తెలుసు. 'పనికిరాని గేర్ ఎంచుకుంది.' ఎంచుకోలేదు. అన్నీ సరిగ్గానే ఎంచుకుంది.

సాయంత్రం హ్యాంగర్‌లో సీతాకోక అతని దగ్గరికొచ్చింది. వెండి రంగు సూట్, ఎర్ర లిప్‌స్టిక్. ఆకాశంలో ఎవరు చూస్తారని అంత ముస్తాబో! విమానం ఎక్కేముందు జంపర్లు ఒకరి వీపు మీది పారాచూట్ సంచీ పిన్నులు ఒకరు చూడటం ఆనవాయితీ. ఆమె అతని వెనక నిలబడి, పిన్ను చూస్తున్నట్టు వంగి, చెవి దగ్గర గుసగుసలాడింది.

"మీరెవరో నాకు తెలుసు. ఆవిడ పెట్టుకున్నది పొడుగుదే. ఆవిడ టీకి వెళ్లొచ్చేలోపు డీలర్ పొట్టిది మార్చేశాడు."

"చూస్తూ ఊరుకున్నావా?"

"నోరు విప్పితే నేనూ పోయేదాన్ని."

"పోవాల్సింది."

ఆమె పిన్ను మీది మూత సరిచేసింది. "మీది నేనే కాపలా కాశాను. మార్చలేదు" అంది.

కాకి అందరి ముందూ పైలట్ చూట్ బయటికి లాగి, పట్టీని మూరవేసి కొలుచుకుని, మళ్లీ మడిచి జేబులోకి తోశాడు.

"భయమా గురూ?" అని అరిచాడు డీలర్.

"అలవాటు."

విమానం కొండకి సమాంతరంగా ఎగురుతోంది. సూర్యుడు కొండ అంచుకి వాలిపోయాడు. గాలి అవతల నుంచి ఇవతలికి కొడుతోంది. తలుపు తెరిచాక డీలర్ చిప్‌ని గ్లౌజులోకి జార్చి, జిప్పు పెట్టుకుని, కన్నుకొట్టి దూకేశాడు. వెనకే సీతాకోక. ఆ వెనక కాకి.

రెక్కల్లోకి గాలి నిండింది. డీలర్ సూట్ పెద్దది. వాడు నేరుగా కొండ మీది సందు వైపు జారిపోతున్నాడు, ఎంతకీ కిందికి దిగడు. అలా వెంటబడితే కాకికి వాడు ఈ జన్మకి అందడు. అతను రెక్కలు ముడిచి తలకిందులుగా పడ్డాడు. గాలి చెవుల్లో గీపెట్టింది. వాడికంటే కిందికి వెళ్లాక ఒక్కసారిగా రెక్కలు విప్పాడు. పడిన వేగమంతా ముందుకి తిరిగింది. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. వాడి కాళ్ల కింద నుంచి లేచి, పక్కగా వచ్చి, వీపు మీదికి చేరాడు.

ముందు కొండ పెద్దదవుతోంది. సందులో రాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. సందు దాటితే పరాయి దేశం.

బావమరిది ఇచ్చిన కత్తి చేతిలోకి వచ్చింది. వాడి బ్రైడిల్ వీపు మీద, చేతికందేంత దూరంలో ఉంది. ఒక్క కోత చాలు. వాడికి తెలియను కూడా తెలియదు. హాయిగా సందు దాటుతాడు, నవ్వుకుంటూ హ్యాండిల్ లాగుతాడు, ఏమీ రాదు. తన భార్య చూసిందే వాడూ చూస్తాడు. నేల పైకి లేచి రావడం మొదలుకుని చివరిదాకా. తొమ్మిది నెలలుగా కాకి కళ్లు మూసుకుంటే చూసేది అదే. ఇప్పుడు చూడబోయేది వాడు.

కానీ వాడు పడేది అవతల. చిప్‌తో సహా. పైగా రెండు పక్కలా ఉండే సీతాకోక మాట ఎవరూ నమ్మరు, తన భార్య ఏం ఎంచుకుందో ఒప్పుకోవాల్సిన నోరు వాడిదే. అది మూసుకుపోతే ఫైల్‌లో తప్పు ఆమెదిగానే ఉండిపోతుంది, ఎప్పటికీ.

వాణ్ణి ఇవతలే దింపాలంటే కత్తి పట్టుకున్న చెయ్యే వాడి హ్యాండిల్ లాగాలి. రెండూ ఆ చేతితో కుదరవు.

కాకి నోటికొచ్చిన బూతు తిట్టి కత్తి వదిలేశాడు. వాడి నడుం వెనకున్న హ్యాండిల్ పట్టుకుని, పైలట్ చూట్‌ని లాగి గాల్లోకి విసిరికొట్టాడు. వెంటనే ఎడమ రెక్క ముడిచి పక్కకి దొర్లాడు. వాడి తాళ్లు బుస్సుమంటూ అతని బూటు రాసుకుంటూ పైకి లేచాయి. ఇంకో రెప్పపాటు ఆలస్యమైతే ఇద్దరూ ఒకే మూటలో కిందికి పోయేవారు.

సందు రాళ్ల ముందు డీలర్ పారాచూట్ ఫెళ్లున విచ్చుకుంది. ఎదురుగాలి దాన్ని పట్టుకుని, వద్దు పొమ్మన్నట్టు ఇవతలికి నెట్టేసింది. వాడు కాళ్లు తన్నుకున్నాడు, తాళ్లు లాగాడు, అరిచాడు. రెక్క ఉన్నప్పుడు దాటగలిగేవాడే. గొడుగు కింద వేలాడేవాడు గాలి చెప్పిన చోట దిగాల్సిందే.

భార్యని చంపినవాడికి కాకి తన చేత్తో పారాచూట్ తెరిచి ప్రాణం పోశాడు. రాళ్లకి బారెడు ఎత్తులో ఇవతలికి మలుపు తిరిగి, లోయ మీదికి వచ్చాక తన హ్యాండిల్ లాగాడు. పొడుగు పట్టీ చచ్చిన గాలిని దాటింది. పారాచూట్ నిద్రలేచి వచ్చింది.

సీతాకోక ఒకసారి సందు వైపు చూసింది, ఒకసారి కిందికి చూసింది. గెలిచిన పక్కనే దిగడం ఆమె వృత్తి. ఇవతలే తెరిచింది.

డీలర్ ముళ్లపొదలో పడ్డాడు, చీలమండ విరిగింది. జీపులో వచ్చిన బావమరిది గ్లౌజు లాగి చిప్ తీసుకుని, వాడి చేతులు వాడి తాళ్లతోనే కట్టాడు.

"ఏం తెరవడంరా అది? నా మెడ విరిగిపోయింది!" అని మూలిగాడు డీలర్.

"విప్పినవాడు కొత్తవాడు. సర్దుకో" అన్నాడు బావమరిది.

కాకి వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. "పోయింది పాపం అన్నావే, ఆవిడ. ఆవిడ పట్టీ మార్చిందెవరు?"

డీలర్ కళ్లు అతని మీద నుంచి సీతాకోక మీదికి వెళ్లాయి. ఆమె హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుంటోంది.

"దీన్నడుగు! పిన్ను చూసింది ఇదే. పొట్టిదని తెలిసీ వీపు తట్టి పంపింది!"

"నేనా? మార్చింది నువ్వు! నీ చేత్తో మార్చావు, నా కళ్లారా చూశాను!"

"అప్పుడే చెప్పొచ్చుగా బంగారం, అంత మంచిదానివైతే?"

"చెప్పాను! ఆ రోజే మా పెద్దాయనకి ఫోన్ చేసి చెప్పాను, అది హత్య అని. ఎంక్వైరీలో ఆ మాట వస్తే నా ముసుగు తొలగిపోతుందని ఆయనే అన్నాడు. తప్పు పోయినావిడ మీదే వేసేద్దాం, ఆవిడకిప్పుడు నొప్పేముంది అన్నాడు!"

గాలికి పారాచూట్ గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. బావమరిది చేతిలో తాడు బిగుసుకుంది. డీలర్ కెవ్వుమన్నాడు.

కాలర్‌లో మైక్ ఆన్‌లోనే ఉంది. అది సీతాకోకకి గుర్తు లేదు. పెద్దాయనకి గుర్తుంది. కాకి ఇయర్‌పీస్‌లో గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఎవరిదో కొత్త గొంతు, మంత్రిత్వ శాఖ గదిలో నుంచి, నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడు మాట్లాడిన స్త్రీ ఎవరు?"

దానికి జవాబుగా నీళ్లు గుటకేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పెద్దాయన గొంతు పలికింది.

"కాకీ... పని పూర్తయినట్టేగా. కారు పంపమంటావా?"

"పంపండి సార్" అన్నాడు కాకి. "మీరూ అందులోనే రండి. తిరుగు ప్రయాణంలో మీ సీటు వెనకాల, వీళ్లిద్దరి మధ్య."