హల్లావారా బడిలో పాట

హల్లావారా ఊళ్లో మూసేసిన బడి ఒకటుంది. చీకటి పడ్డాక దాని పక్కనుంచి ఎవరూ ఒంటరిగా పోరు. లోపల ఆడవాళ్ళు ఏడుస్తూ పాడతారట... మనుషులు మాత్రం కనపడరట. ఉత్తర ఫిన్లండ్‌లో డిసెంబరు పొద్దంటే ఎంతని — మధ్యాహ్నం కాఫీ చల్లారేలోపే చీకటి.

మా బ్యాండ్‌లో కీబోర్డు వాయించే తార్మోకి అక్కడ జరిగింది ఇది. వాడు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆ రోజు వాడి కారు మంచులో కూరుకుపోయింది. సాయం కోసం ఊళ్లోకి నడిచాడు. దారిలో పెట్రోలు బంకులో పనిచేసే ఆవిడ ముందే చెప్పింది — "బడి దగ్గర ఆగకు నాయనా" అని.

ఆగాడు. లోపల పాట... అదీ మా పాట!

చచ్చినవాళ్ళ లోకం తువోనెలా, దాన్ని చుట్టి పారే నల్లనది — ఆ పాతకాలపు కథల మీద మేం చేసిన ఆల్బమ్. గిటార్లు, డ్రమ్ములు, వయొలిన్లు... వాటి వెనక నది ఒడ్డున ఏడ్చే ఆడవాళ్ళ బృందగానం. దాన్ని ఈ బడిలోనే, ఈ ఊరి ఆడవాళ్ళతోనే పాడించాం. తర్వాత వాళ్ళ ఇళ్లకి తలో వినైల్ రికార్డూ పంపాం.

తార్మో గుండె చిక్కబట్టుకుని తలుపు తోశాడు.

పొయ్యి మండుతోంది. పిల్లల బల్ల మీద బడివాళ్ళు వదిలేసిపోయిన రికార్డు ప్లేయర్. స్పీకరుకి చెవి ఆనించి ఒక ముసలాయన.

"తలుపెయ్యి, చలి!" అన్నాడు. కళ్ళు చికిలించి చూసి, "నువ్వా! ఆ పొడుగు జుట్టు చూసి దెయ్యమనుకున్నా."

ఒలావి తాత. మాకు పాడిన హిల్యా అవ్వ భర్త.

తార్మోకి నవ్వొచ్చింది. ఊరంతా వణికేది ఈయన పెట్టే రికార్డుకా!

"ఇంట్లో వినొచ్చుగా తాతా?"

"ఇంట్లో ప్లేయర్ ఎక్కడిది?" ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు. "మంచు కరిగే రోజుల్లో పోయింది హిల్యా. దాని గొంతు ఇంకెక్కడా లేదు బాబూ, ఇందులో తప్ప. రోజూ వచ్చి వెతుకుతున్నా. మీ డ్రమ్ములేమో ఎవరో తలుపు బాదినట్టు... మనిషి దొరకటం లేదు."

తార్మో కప్పు బల్ల మీద పెట్టేశాడు.

ఎలా దొరుకుతుంది? ఊరి ఆడవాళ్ళ పాట శ్రుతి కుదరలేదని మొత్తం తీసేశాం. హెల్సింకి గాయకులతో మళ్ళీ పాడించాం. ఆ రికార్డులో హిల్యా లేదు.

"తాతా... ఆ పాటలో..."

"ష్ష్!" ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టాడు.

గిటార్లు తగ్గాయి. బృందగానం లేచింది — హెల్సింకి గొంతులు, నున్నగా, చల్లగా. వాటి మధ్య... బొంగురుగా, రవ్వంత తాళం వెనకబడి, ఒక ముసలి గొంతు.

ఒలావి తాత తార్మో చెయ్యి పట్టుకున్నాడు.

"వచ్చింది... ఇవాళ వచ్చింది!" కళ్ళలో నీళ్ళు, మొహంలో నవ్వు. "ఎప్పుడూ అంతే. తాళానికి వెనకే వస్తుంది!"

తార్మో కదల్లేదు. తల తిప్పలేదు.

ఆ గొంతు స్పీకర్లోంచి రావటం లేదు... వాడి భుజం వెనకనుంచి వస్తోంది.