చూపు తగిలి జారిన కూజాలు

“నేను చూస్తే వస్తువులు పడిపోతున్నాయండి!” అంటూ వచ్చి కూలబడింది కుండల కార్ఖానావారి చిన్నకోడలు.

డిటెక్టివు నవ్వలేదు. పక్కనున్న మేనకోడలు మాత్రం పెదవి కొరుక్కుంది. మామయ్య దగ్గర సహాయకురాలిగా చేరినప్పటి నుంచి ఇలాంటి కేసు కోసమే ఆమె మొక్కని దేవుడు లేడు.

“మా తోడికోడలు చేసిన కూజాలు మూడు పగిలాయి. పొద్దున్నే ఆ అక్కే అల్మరాలు తుడిచి, నన్ను అమ్మకాల గదిలో కూర్చోబెట్టి, కుండలు కాల్చే బట్టీ దగ్గరికి వెళ్తుంది. కాసేపటికి నా ఎదురుగానే కూజా జారిపడుతుంది. మా బావగారు ఫోన్లో చూసి దీన్ని టెలికినెసిస్ అంటారన్నారు. అత్తయ్య నన్ను కుండలు చేసే సారె ముట్టనివ్వడం లేదు, రేపు పుట్టింటికి పంపేస్తానంటోంది.”

“నువ్వు ముట్టుకోలేదుగా?”

“లేదండి. కానీ వాటిని చూస్తే నాకు కడుపు మండేది. పగిలితే పీడా పోతుందనుకున్నాను.”

“టెలికినెసిస్ అన్న మాటకు అర్థం దూరం నుంచి కదిలించడం, అంతేనమ్మా. మనసుతో అన్నది జనం తగిలించుకున్నారు. పద, చూద్దాం.”

అమ్మకాల గదిలో అల్మరా పలకలు ముందుకు కొంచెం వాలి ఉన్నాయి, కూజాల లోపలి మెరుగు కూడా కొనేవాళ్లకు కనబడాలని. జారకుండా ఒక్కోదాని ముందు చిన్న చెక్క అడ్డు. గడప దగ్గర నీళ్ల తొట్టి. పచ్చిమట్టి అంటిన కాళ్లూ చేతులూ కడుక్కోకుండా లోపలికొస్తే అత్తగారు అగ్గిమీద గుగ్గిలమే.

కూజా జారిన చోట డిటెక్టివు వేలు పెట్టి రాశాడు. వేలికి బూడిదరంగు బురద అంటింది.

“ఇది తుడిచేదెవరు?”

“నేనే,” అంది పెద్దకోడలు. “ముద్దుల కోడలి చేతికి తడిగుడ్డ ఎవరిస్తారు?”

డిటెక్టివు అందరినీ పిలిచి రెండు గ్లాసుల నీళ్లు తెప్పించాడు. ఒకదాంట్లో కూజా పెంకు వేశాడు. రెండోదాంట్లో ఎండిన పచ్చిమట్టి ఉండ వేశాడు. పెంకు చెక్కుచెదరలేదు. ఉండ చూస్తుండగానే విడిపోయి అడుగున బురదైంది.

“కాల్చిన కూజా నీళ్లలో కరగదు, ఆ బురద పచ్చిమట్టిది. చెక్క అడ్డు తీసి ఎండుమట్టి అడ్డు పెట్టారు. తుడుస్తూ దాని మీద నీళ్లు పిండి బట్టీ దగ్గరికి వెళ్లిపోయారు. మట్టి నాని విడిపోయి కూజా జారేసరికి ఎదురుగా ఉండేది చిన్నకోడలే. ఆ తర్వాత పలక తుడిచారు కానీ, పచ్చిమట్టి అడుగుపెట్టని గదిలో ఈ మరక మిగిలింది. పొద్దున్నే ఆ పలక తడిపేది మీరొక్కరే, పెద్దకోడలుగారూ.”

ఆ మరక తన కంటపడలేదని మేనకోడలికి కుళ్లు, మామయ్యను చూసి గర్వం, రెండూ ఒక్కసారే కలిగాయి.

అత్తగారు నోరు నొక్కుకుంది. “నీ కూజాలు నువ్వే పగలగొట్టుకున్నావా? దానివి పగలగొట్టినా అర్థముండేది!”

“దానివి పగిలితే మీరు దాన్ని ఓదారుస్తారు. ఇన్నేళ్లలో నా పని బాగుందని ఒక్కసారి అన్నారా? నిన్నగాక మొన్నొచ్చిన దాన్ని నెత్తికెక్కించుకున్నారు. అది పోవాలి, నావి పగిలితేనన్నా మీరు అయ్యో అనాలి అనుకున్నా. మూడు పగిలాయి. ‘పెంకులు ఎత్తు’ అన్నారు, అంతే!”

చిన్నకోడలే దగ్గరికొచ్చి, గ్లాసులోంచి పెంకు తీసి తుడిచింది.

“ఈ మెడ వంపు నాకెన్నిసార్లు చేసినా రాలేదక్కా. ఇంత మంచిది ఎలా పగలగొట్టావు?”

పెద్దకోడలు ఆ పెంకు లాక్కుని గుండెకు అదుముకుంది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట ఆ నోట వినాల్సొచ్చినందుకు వెక్కివెక్కి ఏడ్చింది.