ఒక్క శాతం

సోమవారం ఉదయం ల్యాబ్ మెట్ల మీద చిప్ ఇంజనీర్‌ను కాల్చి చంపారు. ఆమె సంచిలోని టాబ్లెట్ మాయమైంది. ఏడేళ్లు కష్టపడి ఆమె చేసిన ప్రాసెసర్‌కు ఉన్న ఒకే ఒక్క శాంపిల్ అందులో ఉంది.

శుక్రవారం చీఫ్ ఏజెంట్‌ను పిలిచాడు. చనిపోయింది ఏజెంట్ అక్కే.

"ఈ కేసు నీకివ్వకూడదు. సొంత మనిషి పోయాక చెయ్యి వణుకుతుంది."

"వణకనివ్వండి సార్. ఆ టాబ్లెట్ మీద నడుస్తున్న బ్యాటరీ టెస్టు చదవడం అక్క నాకొక్కడికే నేర్పింది."

అందరూ నిండు బ్యాటరీతో టెస్టు మొదలుపెడతారు. అక్క ఒక్క శాతం దగ్గర మొదలుపెట్టేది. "నిండుగా ఉన్నప్పుడు ఎవడి చిప్పైనా నడుస్తుందిరా. అడుగంటాక చూడాలి," అనేది. స్క్రీన్ నల్లగా ఉంటుంది. ప్రాసెసర్ నిద్రపోతుంది. గంటకోసారి సెకను సేపు లేచి, ఉన్నానని, ఉన్నచోటుతో సహా సిగ్నల్ ఇచ్చి మళ్లీ పడుకుంటుంది.

టాబ్లెట్ ఎత్తుకెళ్లిన ముఠాలో చీఫ్ పెట్టిన మనిషి సిల్కు మేడమ్. ఆమె కోడ్ మెసేజ్ వచ్చింది: 'పెళ్లికూతురు పడవెక్కుతుంది.' టీమంతా రేవుకు పరిగెత్తింది.

ఆ రాత్రి తొమ్మిదీ నలభైకి, ఆ సిగ్నల్‌కు కలిపిపెట్టుకున్న ఏజెంట్ ఫోన్ మోగింది. సిగ్నల్ ఎయిర్‌పోర్టు నుంచి.

పదిన్నరకు అతను ఎయిర్‌పోర్టు కూలీల ఖాకీ యూనిఫాంలో, అతికించిన మీసంతో వీల్‌చెయిర్ తోస్తున్నాడు. అందులో కాలికి కట్టుతో, నల్లకళ్లద్దాలతో సిల్కు మేడమ్.

"త్వరగా తొయ్యి బాబూ, గేటు మూసేస్తారు."

గేటు ముందు, పదీ నలభైకి, ఫోన్ మళ్లీ మోగింది. దూరం: ఒక మీటరు.

అతను బ్రేకు వేశాడు. "ఆ కట్టు విప్పండి మేడమ్."

ఆమె అతని గొంతు గుర్తుపట్టింది. కళ్లద్దాలు తీసింది. "అది ఎప్పుడో చచ్చింది తమ్ముడూ. ఒక్క శాతం చూసి మావాళ్లు నవ్వుకున్నారు. ఛార్జర్ కూడా దండగన్నారు."

"మా అక్క మీవాళ్లకు చెప్పలేదు పాపం. చెప్పే టైమివ్వలేదుగా."

గేటు మూసుకుంది. ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

ఆఫీసులో చీఫ్ ఛార్జర్ తెచ్చాడు.

"వద్దు సార్. టెస్టు మధ్యలో పెడితే అక్క తిడుతుంది." తర్వాత సరిచేసుకున్నాడు. "తిట్టేది."

ఆదివారం మధ్యాహ్నం దాకా అతను టాబ్లెట్ పక్కనే కూర్చున్నాడు. ఒకటీ నలభైకి ఫోన్ మోగింది. రెండూ నలభైకి మోగలేదు. ఇంకో గంట చూశాడు.

ఆ తర్వాత అక్క టెస్టు పుస్తకం తెరిచి, ఆఖరి గడిలో ఆమెలాగే పొందికగా రాశాడు: 'ఫలితం: తయారుచేసిన మనిషికంటే ఆరు రోజులు ఎక్కువ నిలిచింది.'