జాడీలో ఉన్నది

పోస్ట్‌మాన్ పెళ్ళాం సంగతి ముందు పుట్టించింది పక్కింటి రేమోండేనట. రేమోండ్ బేకరీ ఆవిడకు చెప్పింది. బేకరీ ఆవిడ రొట్టెతో పాటు ఆ కబురు కూడా చుట్టి అపోలిన్ వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. నాన్న దాన్ని మధ్యాహ్నం భోజనాల దగ్గర విప్పాడు.

సంగతేమిటంటే, కిందటేడు అటకల సంతలో పోస్ట్‌మాన్ పెళ్ళాం తన అత్తగారి పింగాణీ కుండ ఒకటి అమ్మకానికి పెట్టింది. వంట కుండ కాదు. పూర్వం రాత్రిపూట మంచం కింద పెట్టుకునే కుండ. పారిస్ నుంచి వచ్చిన ఒకావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెగ ముచ్చటపడి కొనుక్కుపోయింది. ఇప్పుడు అందులో సలాడ్ కలిపి చుట్టాలకు వడ్డిస్తోందట.

అమ్మ చేతిలోని ఫోర్కు కింద పెట్టేసింది.

మెమే మాత్రం తన ప్లేటులో సలాడ్ ఆకులు తింటూనే ఉంది. "రేమోండ్ చెప్పినదాంట్లో సగం తీసెయ్యండి. మిగిలిన సగాన్ని బాగా కడిగి నమ్మండి" అంది.

మెమే అంటే అపోలిన్ నాయనమ్మ. పేరు లియోనీ. ఆమెకూ రేమోండ్‌కూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఊరి జాతరలో మెమే చేసిన ప్లమ్ పళ్ళ టార్ట్‌కి మొదటి బహుమతి వచ్చింది. దాని పిండి షాపులో కొన్నదేనని రేమోండ్ ఊరంతా చాటింది. మెమే ఆమెను బేకరీ ముందు పదిమందిలో నిలదీసి కడిగేసింది. అప్పటినుంచి రెండు పెరళ్ళ మధ్య కంచె దాటి కోళ్ళు తప్ప ఇంకెవరూ రాకపోకలు సాగించడం లేదు.

కుండ కబురు విని అందరూ మొహం చిట్లించారు గానీ, అపోలిన్ మాత్రం చెవులు రిక్కించింది. అంత పాతది, అంత రోత పుట్టించేది కూడా అమ్ముడుపోతుందన్నమాట!

అటకల సంత రేపే. ఏడాదికోసారి ఆ ఊళ్ళో ప్రతి ఇల్లూ అటక దులిపి, అక్కర్లేని సామానంతా వీధిలో పరుస్తుంది. పిల్లలు దుప్పట్లు పరుచుకుని తమ పాత బొమ్మలు అమ్ముకుంటారు. అపోలిన్‌కి పదేళ్ళు. అమ్మానాన్నలతో కలిసి మెమే ఇంటికి వచ్చేసి తొమ్మిది నెలలే అయింది కాబట్టి, ఈ సంతలో కూర్చోవడం ఆమెకిదే మొదలు. ఎరుపు రంగు రోలర్ స్కేట్లు కొనుక్కోవాలని ఆమె ఆశ. పైవీధి లూసిల్ తన పాత జత అమ్మకానికి పెడుతోందని బడిలో అందరికీ తెలుసు.

"అటక మీద ఏమున్నా తీసుకోవే. నన్ను అడగక్కర్లేదు" అని మెమే ఎప్పుడో చెప్పేసింది.

అటక అని చెప్పింది. నేలమాళిగ మాట ఎత్తలేదు.

భోజనాలయ్యాక మెమే రోజూ చేసే పని మొదలుపెట్టింది. అందరి గ్లాసుల అడుగున మిగిలిన ఎర్ర వైన్‌ని ఒక చిన్న కూజాలోకి ఒంపి, మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్ళింది.

నాన్న అపోలిన్ వైపు కన్ను కొట్టాడు. "కింద మీ మెమే ఫ్రెండ్‌కి దాహం వేస్తున్నట్టుంది" అన్నాడు.

నాన్న ఈ జోకు తొమ్మిది నెలలుగా వేస్తూనే ఉన్నాడు. అపోలిన్ దాన్ని జోకు అనుకోలేదు. మెమే చీకట్లో ఒక్కతే కూర్చుని ఎంగిలి వైన్ తాగుతోందనే ఆమె అనుకుంది. పాపం, ఆ మాట ఎవరితోనూ అనలేదు. మెమేని అడగలేదు.

సాయంత్రం మెమే సంత భోజనాలకు బంగాళాదుంపలు ఒలవడానికి ఊరి హాలుకి వెళ్ళింది. అపోలిన్ అటక ఎక్కింది. తుప్పు పట్టిన ఇస్త్రీ పెట్టె, కన్ను ఊడిన బొమ్మ, ఒక ఎలకల బోను దొరికాయి. వీటితో స్కేట్లు రావు. అప్పుడామె టార్చ్ పట్టుకుని, సాలీళ్ళంటే భయమున్నా, నేలమాళిగలోకి దిగింది.

బంగాళాదుంపల బస్తా వెనక ఒక పెద్ద రాతి జాడీ ఉంది. గోధుమ రంగు, పొట్ట కింద చెక్క కుళాయి, మూతికి గుడ్డ. ఇదేనన్నమాట మెమే ఫ్రెండు!

గుడ్డ విప్పగానే పుల్లటి ఘాటు గుప్పుమని ముక్కులో కొట్టింది. టార్చ్ వేసి చూసింది. ఎర్రటి నీళ్ళ మీద దళసరిగా, జారుడుగా, కాలేయం ముక్కలా ఏదో తేలుతోంది. వేలితో పొడిస్తే మెత్తగా కదిలింది.

అపోలిన్ గోడకు అంటుకుపోయింది. వైన్ కుళ్ళిపోయింది. మెమే ఈ కుళ్ళునే తాగుతోంది!

ఇంకేం ఆలోచించలేదు. తల్లిదండ్రులకు చెబితే మెమే పరువు పోతుంది. తనే శుభ్రం చేసేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఎర్ర నీళ్ళని బకెట్లతో మోసి, కోళ్ళ గూడు వెనక పారబోసింది. ఆ జారుడు ముద్దనీ అక్కడే విసిరేసింది. జాడీని సబ్బుతో మూడుసార్లు తోమింది. చేతులు మండాయి. అయినా మెమేని కాపాడానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున సంతలో జాడీ దుప్పటి మధ్యన కొలువు తీరింది. పక్క దుప్పటి మీద కామిక్స్ పెట్టుకున్న బాస్తియన్, ఆమె క్లాస్‌మేట్, దాన్ని చూసి ఇందులో మీ తాత అస్థికలున్నాయా అని అడిగాడు. నీ కామిక్స్‌కి పేజీలున్నాయా ముందు చూసుకో అని అపోలిన్ అంది.

తొమ్మిది కొట్టకముందే గడ్డి టోపీ పెట్టుకున్న ఒకావిడ ఆగింది. గొడుగులు పెట్టుకోవడానికి బాగుంటుందంది. బేరం కూడా ఆడకుండా నోటు తీసిచ్చింది. పది నిమిషాల్లో ఆ నోటు లూసిల్ దుప్పటి మీద వాలింది, ఎర్ర స్కేట్లు అపోలిన్ ఒళ్ళో వాలాయి.

మధ్యాహ్నం మెమే సాసేజ్, లెంటిల్స్ ఉన్న ప్లేటు పట్టుకుని వచ్చింది. స్కేట్లు చూసి మెచ్చుకుంది. ఏం అమ్మావేమిటని అడిగింది. అపోలిన్ గర్వంగా చెప్పింది.

మెమే నవ్వు ఆగిపోయింది. ప్లేటు వంగి లెంటిల్స్ దుప్పటి మీద పడుతున్నా ఆమె చూసుకోలేదు. జాడీ ఎంతకు అమ్మావని గానీ ఎవరికి అమ్మావని గానీ అడగలేదు.

"లోపలున్నది?" అంది.

"కుళ్ళిపోయింది మెమే. పారబోశాను. నువ్వు తాగితే జబ్బు చేస్తుందని..."

బాస్తియన్ కామిక్స్ సర్దడం ఆపేశాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడు కాబట్టి వాడికి అర్థమైంది. "అయిపోయావ్. అది వెనిగర్ తల్లి" అన్నాడు మెల్లగా.

మెమే అప్పటికే ఇంటివైపు నడుస్తోంది. మోకాలి నొప్పి మర్చిపోయి నడుస్తోంది. అపోలిన్ వెనకాల పరిగెత్తింది. కోళ్ళ గూడు వెనక సబ్బు నురగ ఎండిన మరక ఉంది. దాని మధ్య చెప్పు తోలులా ఎండిపోయిన ఒక ముక్క ఉంది. ఒక కోడి దాని మీద నిలబడి పొడుస్తోంది.

మెమే కోడిని తోలలేదు. అక్కడే బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చుంది.

పాలు తోడుకోవడానికి తోడు ఎలాగో, వైన్ వెనిగర్ కావడానికి ఆ ముద్ద అలాగ. రోజూ ఇంత వైన్ పోస్తుంటే బతుకుతుంది, పెరుగుతుంది. మెమే వాళ్ళ అమ్మమ్మ దాన్ని పెంచింది. మెమే పెళ్ళైన రోజున గుర్రబ్బండిలో, జాడీని ఒళ్ళో పెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. ఇవన్నీ మెమే నెమ్మదిగా, ఎవరికో చెబుతున్నట్టు చెప్పింది. అపోలిన్‌ని తిట్టలేదు. తిడితే బాగుండునని అపోలిన్‌కి అనిపించింది.

"ఇంకోటి కొనుక్కోలేమా మెమే?"

"దాన్ని కొనరు. ఉన్నవాళ్ళని అడిగి తెచ్చుకుంటారు. నేను ఇచ్చింది ఒక్కరికే, పాతికేళ్ళ కిందట" అని మెమే కంచె వైపు చూసింది. "నేను అడగను."

కంచె అవతల రేమోండ్ ఇల్లు.

 రేమోండ్‌కి చెప్పడమంటే చర్చి గంట కొట్టించడమే. సాయంత్రానికల్లా ఊరికి, రేపు బడికి తెలిసిపోతుంది. తాగుబోతు మెమే, తెలివితక్కువ మనవరాలు అని కలిపి మరీ చెబుతుంది. అపోలిన్ కోడి వైపు చూసింది. మెమే వైపు చూసింది. మెమే చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. ఆ చేతులు ఖాళీగా ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

స్కేట్లు చంకలో పెట్టుకుని వెళ్ళి రేమోండ్ తలుపు తట్టింది.

అంతా చెప్పింది. నాన్న జోకు, తను అనుకున్నది, సబ్బు, కోడి, ఏదీ దాచలేదు. ఆ వెనిగర్ తల్లి ముక్క ఒకటి ఇమ్మని, బదులుగా స్కేట్లు ఇస్తానంది.

ఊళ్ళో అందరి మాటకూ అడ్డం వచ్చే రేమోండ్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నోరు తెరుచుకుని వింది. అంతా అయ్యాక, "అయితే అడగడానికే వచ్చావా?" అంది. "తలుపు కొట్టి, మొహం మీద అడుగుతున్నావా?"

"అవును మదాం."

 రేమోండ్ లోపలికి వెళ్ళి, చెక్క గరిటెతో తన జాడీలోంచి ఎర్రటి ముక్క ఒకటి తీసి, గాజు సీసాలో వేసి, పైన గుడ్డ కట్టింది. ఇనుము తగలనివ్వొద్దంది. స్కేట్లు వెనక్కి తోసేసింది.

"ఆ చక్రాలేసుకుని ఈ వయసులో నేనెక్కడికెళ్ళాలి?" అంది.

అపోలిన్ ఆ సీసా తెచ్చి మెమే చేతుల్లో పెట్టింది. తర్వాతి వారమంతా బడికి తల దించుకుని వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. బేకరీలోనూ ఆ మాట రాలేదు. బాస్తియన్ని అడిగితే, తను చెప్పలేదని ఒట్టేశాడు. చెబుదామనుకున్నాననీ, రేమోండ్ ఎలాగూ చెబుతుంది కదా అని ఊరుకున్నాననీ అన్నాడు.

ఆదివారం మెమే ప్లమ్ పళ్ళ టార్ట్ చేసింది. రేమోండ్‌ని పిలవమని అపోలిన్‌ని పంపింది. రెండేళ్ళ తర్వాత రేమోండ్ ఆ బల్ల దగ్గర కూర్చుంది. టార్ట్ పిండిని వేలితో నొక్కి చూసింది గానీ ఏమీ అనలేదు.

భోజనాలు కాగానే, మెమే లేవకముందే అపోలిన్ లేచింది. చిన్న కూజా పట్టుకుని ఒక్కొక్కరి పక్కనా ఆగింది. నాన్నని అడిగింది, అమ్మని అడిగింది, మెమేని అడిగింది. చివరికి రేమోండ్ దగ్గరకు వచ్చింది.

"మీ గ్లాసులో మిగిలింది తీసుకోవచ్చా మదాం? కింద పోస్తాను."

రేమోండ్ తలూపింది. అపోలిన్ జాగ్రత్తగా ఒంపుకుంది. నాన్న ఈసారి కన్ను కొట్టలేదు.

మెమే రేమోండ్ వైపు తిరిగింది.  "నేను ఎప్పుడో ఇచ్చిన ముక్కని ఇన్నేళ్ళు ప్రాణంగా కాపాడావు రేమోండ్. నీ గురించి నేను తప్పుగా అనుకున్నాను" అంది.

రేమోండ్ కూజా పట్టుకుని నిలబడ్డ అపోలిన్ వైపు చూసింది. చేతిలోని చెంచా బల్ల మీద పెట్టేసింది.

"నువ్విచ్చింది మొదటి ఏడాదే ఎండబెట్టి చంపేశాను లియోనీ. మళ్ళీ అడగడానికి మొహం చెల్లక, మీరంతా చర్చికి వెళ్ళినప్పుడు మీ నేలమాళిగలో దూరి దొంగిలించుకుపోయాను."