ట్యాంకు కడిగిన రాత్రి

మా ఊరి నీళ్ళ ప్లాంటు పక్కనుంచి పొద్దుగూకాక ఎవరూ నడిచేవారు కాదు. దగ్గరి దారి అదే అయినా చర్చి వైపు నుంచి చుట్టూ తిరిగి పోయేవారు.

ప్లాంటులో రెండు ట్యాంకులుండేవి. నేలలోకి సగం దిగిన కాంక్రీటు గదుల్లా ఉంటాయి. పైకప్పు మీద మెడ వంచిన గాలి గొట్టాలు. ట్యాంకు నిండుగా ఉన్నన్నాళ్ళూ ఏమీ లేదట. కడగడానికి ఖాళీ చేసిన రాత్రి మాత్రం... ఆ గొట్టాల్లోంచి ఏడుపు వినిపించేదట.

ఇది మా నాన్న జ్విడ్జాయి చెప్పగా విన్నాను. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఒక్కసారి ఆడాడు. అది ఇందులోనే ఉంది.

అప్పటికి నాన్నకి పెళ్ళి కాలేదు. ప్లాంటుకి కొత్తగా బదిలీ మీద వచ్చాడు. అక్కడి పెద్ద ఆపరేటరు చెంజెరాయి. తర్వాత మా అమ్మనిచ్చి నాన్నకి మామ అయ్యాడు గానీ, అప్పటికింకా నోట్లోంచి మాట ఊడిపడని ముసలాయనే.

చెంజెరాయి పెద్దకూతురు రవిరో. మా అమ్మకి అక్క. నాన్న ఈ ఊరు రావడానికి ఏళ్ళ ముందే, ఒక సాయంత్రం తండ్రికి సద్జా సంకటి గిన్నె పట్టుకుని ప్లాంటుకి బయల్దేరింది. నది అడ్డుకట్ట దగ్గర గిన్నె దొరికింది, పెట్టిన మూత పెట్టినట్టే. మనిషి దొరకలేదు.

న్జూజులు తీసుకుపోయారన్నారు. నది అడుగున ఉండేవాళ్ళు, న్జూజులు. తీసుకుపోయిన మనిషిని ఎప్పటికైనా తిరిగి పంపిస్తారు. కానీ ఇంట్లోవాళ్ళు ఏడవకూడదు. ఒక్క ఏడుపు నది చెవిన పడిందా... ఇక ఆ మనిషి రాదు.

మాది మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థించే ఇల్లు. అయినా, బిడ్డ తిరిగొస్తుందంటే ఏ తల్లి వద్దనుకుంటుంది? అమ్మమ్మ నోరు బిగబట్టుకుంది. అలా ఏళ్ళు గడిచాయి. ఇరుగుపొరుగు చావుల్లో కూడా ఆమె కన్ను తడవలేదు. తడిస్తే ఎక్కడ ఆగుతుందో ఆమెకే తెలీదు. "రాతి మనిషి" అనేవాళ్ళు వెనకాల.

నాన్న మొదటిసారి ట్యాంకు కడగాల్సిన రోజు సాయంత్రం, కొట్టు దగ్గర మా ఊరి మార్వెయి అత్త నాన్నని ఆపింది.

"ఏం జ్విడ్జాయీ, ఇవాళ ట్యాంకు కడుగుతున్నారటగా? ఆ ఏడ్చే పిల్ల నిన్ను చూసి మోజు పడిందనుకో, పెళ్ళి భోజనానికి మమ్మల్ని మర్చిపోకు."

"మర్చిపోను అత్తా. పిల్లకి కన్యాశుల్కంగా ఇచ్చే ఆవుల్ని నువ్వే నది అడుక్కి తోలుకెళ్ళాలి మరి."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు—వెలుతురు ఉంది కదా.

ఊరు నిద్రపోయినప్పుడే ఒక ట్యాంకుతో సరిపెట్టగలరు. అందుకే కడగడం రాత్రి పూటే. తెల్లారేసరికి మళ్ళీ నింపకపోతే గుట్టమీది ఆసుపత్రికి చుక్క ఎక్కదు.

ట్యాంకులోని నీళ్ళు వదిలేశారు. ఇద్దరూ దిగి గోడలు బ్రష్షుతో రుద్దారు, బ్లీచింగు నీళ్ళతో కడిగారు. బురదంతా అడుగు గొట్టంలోంచి నదిలోకి పోయింది. అప్పుడు చెంజెరాయి అన్నాడు—

"నువ్వెళ్ళి అడుగు వాల్వు మూసి, పంపు గదిలో కూర్చో. నేను పిలిచేదాకా రాకు."

ఆ వాల్వు నది ఒడ్డున ఉంది. గొట్టం చివర. గిన్నె దొరికిన చోటికి పక్కనే.

నాన్న టార్చి పట్టుకుని సగం దూరం వెళ్ళాడు. నీళ్ళలో ఏదో 'బుడుంగు'మంది. కప్పే కావచ్చు... కాళ్ళు వెనక్కి తిరిగాయి. ముసలాయన పైకొచ్చాక ఇద్దరం కలిసి వెళ్ళొచ్చులే అనుకున్నాడు.

"మూశావా?" ట్యాంకులోంచి కేక.

"మూశాను పెద్దాయనా."

పంపు ఆగి ఉంది. గదిలో తన ఊపిరి తనకే వినపడుతోంది. అంత పెద్ద ప్లాంటులో ఆ రాత్రి తనంత ఒంటరివాడు లేడనిపించిందట.

అప్పుడు మొదలైంది.

ముందు సన్నగా... తర్వాత గుండె చీలిపోయినట్టు. పైకప్పు గొట్టాలన్నీ ఒకేసారి ఏడుస్తున్నాయి.

నాన్న ప్రభువు పేరు తలుచుకుంటూ, పాకుతున్నట్టే పైకప్పు ఎక్కాడు. ట్యాంకు మూత పక్కనుంచి లోపలికి చూశాడు.

అడుగున లాంతరు. తడి గోడకి నుదురు ఆనించి చెంజెరాయి కూర్చుని ఉన్నాడు. చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "రవిరో... రవిరో..."

నాన్నకి అర్థమైంది. నాలుగు వైపులా కాంక్రీటు. పై గొట్టాలు మెడ వంచింది ఊరి వైపు. వాల్వు మూసి ఉంటుంది. ఈ ఊళ్ళో నదికి వినపడకుండా ఏడవడానికి చోటు ఇదొక్కటే. ఇన్నేళ్ళూ ఊరు భయపడింది ఈ తండ్రికి!

మనసు తేలికపడబోయింది. అంతలో వాల్వు గుర్తొచ్చింది.

చెంజెరాయి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

ఏడుపు ఆగలేదు.

గోడ మొదట్లో ఉన్న అడుగు గొట్టం కంతలోంచి... నది వైపు నుంచి... వస్తూనే ఉంది.

ముసలాయన తలెత్తాడు. గొంతు పెంచలేదు.

"మూశానన్నావు."

"భయమేసింది పెద్దాయనా."

"అయితే... నది విన్నదన్నమాట."

"గాలి అయ్యుంటుంది. గొట్టంలో నదిగాలి—"

"ఈ గొట్టం వేసిన వాళ్ళలో నేనొకణ్ణి, అబ్బాయీ. గాలి చప్పుడు నాకు తెలీదా?"

కంత అంచు మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. ఎంతసేపో. దూరాన ఎవరింటిదో కోడి కూసింది. గుట్టమీద ఆసుపత్రి దీపం ఒక్కటే వెలుగుతోంది.

"పెద్దాయనా..." నాన్న గుసగుసగా అన్నాడు. "నీళ్ళు ఎక్కించాలి. కాన్పుల గది ఉంది పైన. నేను వెళ్ళి మూస్తాను."

"నువ్వొద్దు."

నిచ్చెన ఎక్కి వచ్చాడు. టార్చి తీసుకోలేదు. ఒడ్డుకి నడిచి, వాల్వు చక్రం పట్టుకుని తిప్పాడు. తిప్పినకొద్దీ ఆ గొంతు సన్నబడింది... దారమంత అయింది. చివరి బిగింపు ముందు ముసలాయన గొట్టం మీదికి వంగి ఏదో అన్నాడు.

"పడుకోమ్మా" అన్నట్టు, వెనకే వచ్చి సగం దారిలో ఆగిన నాన్నకి వినపడింది.

తర్వాత చెంజెరాయి తిన్నగా ఇంటికి వెళ్ళాడు. అమ్మమ్మ పొయ్యి రాజేస్తోందట. గుమ్మంలో నిలబడి టోపీ తీశాడు.

"ఇక ఏడవొచ్చు" అన్నాడు.

అప్పుడు అమ్మమ్మ ఏడ్చిన ఏడుపు నదికి అవతలి ఒడ్డున కూడా వినపడిందని చెప్పుకుంటారు. ఊరంతా పనులు వదిలి ఆ వాకిట్లోకి వచ్చింది. ముందు వచ్చింది మార్వెయి అత్తే. ఆ తర్వాత ట్యాంకు ఎన్నిసార్లు కడిగినా గాలి గొట్టాలు పలకలేదు.

ఆ తెల్లవారుజామున ముసలాయన అలా ఇంటికి వెళ్ళాక పంపు వేసింది నాన్నే. ట్యాంకు నిండుతుంటే, వాల్వు బిగిసిందో లేదో చూడటానికి ఈసారి ఒడ్డుదాకా వెళ్ళాడు. చక్రం మీద చెయ్యి పెట్టాడు. చుక్క కారడంలేదు. చప్పుడు లేదు. కానీ ఇనుము సన్నగా అదురుతోందట... వెక్కిళ్ళు దిగమింగుకునే మనిషి వీపు మీద చెయ్యి వేస్తే తెలిసినట్టు.

"పంపు అదురే అయ్యుంటుంది" అనేవాడు నాన్న చివరిదాకా.

పోయినేడు చర్చి ఆడవాళ్ళ మదర్స్ యూనియన్ ప్రార్థన ముగించుకుని, పగటిపూటే నేనూ ఆ వాల్వు దగ్గరికి వెళ్ళాను. కరెంటు లేదు, పంపు ఆగి ఉంది. రవిరో పెద్దమ్మ పేరున ఒక ప్రార్థన చెప్పి, ఆ చక్రం మీద చెయ్యి పెట్టాను.

చల్లగా ఉంది. అంతే అని రాయాలనే ఉంది నాకు...