మా కాల్ సైన్ మీద ఎవరో

పడవ కొన్నది మా బావ. రేడియో పరీక్ష రాసింది మాత్రం నేను.

మామూలు పడవ రేడియో ఇరవై ముప్పై మైళ్లు దాటి పలకదు. మేం వెళ్దామనుకున్న దీవికి మూడు రోజుల ప్రయాణం. "దూరం పలికే రేడియో లేకుండా ఇద్దరూ గడప దాటడానికి వీల్లేదు" అని అక్క భీష్మించుకు కూర్చుంది. దానికి పడవకో లైసెన్సు కావాలి, మాట్లాడే మనిషికి వేరే సర్టిఫికెట్టు కావాలి. యాభై రెండేళ్ల వయసులో పుస్తకం పట్టాను.

"మూడుసార్లు తప్పావటగా బామ్మర్దీ?"

"రెండే బావా."

"మూడోసారి వాళ్లే విసుగెత్తి పాస్ చేసుంటారులే."

చివరికి మాకో కాల్ సైన్ ఇచ్చారు. పడవకి గాలిలో ఉండే పేరన్నమాట. ఒకరిది ఇంకొకరు వాడకూడదు.

ఆ రేడియో పొద్దు వాలాకే బాగా దూరం అందుకుంటుంది. అందుకని రోజూ దీపాలు పెట్టే వేళకి ఒడ్డున ఉన్న రేడియో కేంద్రాన్ని పిలవాలని ఏర్పాటు. మొదటి సాయంత్రం పిలిచాం, పలికారు. అక్కకి కబురందింది.

రెండో సాయంత్రం గాలి పడిపోయింది. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. పడవ గదిలో తడి తాళ్ల వాసన, డీజిల్ వాసన. రేడియో పెట్టాను. కాగే నూనెలో నీటిచుక్కలు పడ్డట్టు చిటపటలు. మాట్లాడే ముందు కాసేపు వినాలన్నది నియమం. విన్నాను.

ఎవరో మా కాల్ సైన్ చెబుతున్నారు.

"...ఒక్కడినే ఉన్నాను. నీళ్లు మెడ దాకా వచ్చాయి. వినపడుతోందా..."

బావ చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"అది నీ గొంతురా" అన్నాడు గుసగుసగా.

"నేను మైకే ముట్టుకోలేదు."

"రేడియో అలలు భూమంతా చుట్టి తిరిగొస్తాయని నువ్వే చెప్పావుగా. అదేనేమో."

"అన్న మాటైతే తిరిగొస్తుంది బావా. అనని మాట ఎలా వస్తుంది?"

మైకు నొక్కాను. "ఎవరు మాట్లాడేది?"

చిటపటలు ఆగిపోయాయి. ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు... మరీ దగ్గరగా.

"నువ్వెవరు?" అంది నా గొంతు.

బావ ఫ్యూజు పీకేశాడు.

దీవి ఆశ వదులుకుని పడవ వెనక్కి తిప్పాం. ఇంజను ఆపలేదు. ఇద్దరం కన్ను మూయలేదు. ఆ మర్నాడు గడిచి, ఇంకో తెల్లవారికి రేవు చేరాం.

"నాకు కళ్లు మూతలు పడిపోతున్నాయి, కాసేపు ఇక్కడే పడుకుంటా. ఆ రేడియో వాళ్లకి నువ్వు చెప్పిరా. మీ అక్కకి మాత్రం ఇంజను చెడిందని చెప్పు" అన్నాడు బావ, పడవ గదికి లోపల గడియ వేసుకుంటూ.

రేడియో కేంద్రం రేవుకి పావుగంట నడక. కిటికీలోంచి ఎండ పడుతోంది. కళ్లజోడు పెట్టుకున్న ఆపరేటరమ్మ ఒక్కతే ఉంది. మా కాల్ సైన్ చెప్పగానే ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మీరా? మీరు... ఒడ్డుకెలా వచ్చారండీ?"

"ఏం?"

"మొన్న సాయంత్రం నుంచి గంటగంటకీ పిలుస్తున్నారు కదా. ఒక్కడినే ఉన్నానని. మీరు చెప్పిన చోటికల్లా రక్షణ పడవ వెళ్లింది. నీళ్లు తప్ప ఏమీ లేవట."

"మా రేడియోకి ఫ్యూజు కూడా లేదమ్మా."

ఆవిడ మ్యాపు నా వైపు తిప్పింది. పెన్సిలు చుక్కలు. నడిసముద్రంలో మొదలై, ఒకదాని వెనక ఒకటి, తిన్నగా తీరం వైపు. ఆఖరి చుక్క రేవు లోపల ఉంది.

"ఇది ఐదు నిమిషాల కిందటిది" అంది. "మీ పడవలో ఎవరైనా ఉన్నారా?"

"మా బావ... నిద్రపోతున్నాడు."

గోడ మీది స్పీకరు చిటపటలాడింది.

"బావా" అంది నా గొంతు, ఎంతో ఆప్యాయంగా. "నేనే. తలుపు తియ్యి."

గుమ్మం దాకా పరిగెత్తాను.

వెనక స్పీకర్లో గడియ తీసిన చప్పుడు... ఆ వెనకే, నిద్రమత్తులో బావ గొంతు.

"అప్పుడే వచ్చేశావేంరా... అయ్యో, అలా తడిసిపోయావేం?"